రంగులాయన తెలుపు

టైర్ల కొట్టు పైన, రెండో అంతస్తులో ఒక ఎడిటింగ్ స్టూడియో ఉంది. కింద రబ్బరు వాసన, పైన యంత్రాల వేడి. అందులో చివరి గది రంగులాయనది. అసలు పేరు ఆయనకీ ఒకటుంది గానీ ఆ పేరుతో పిలిస్తే వెంటనే పలకడు. వెనకాల ఇంకెవరో ఉన్నారేమోనని ముందు అటు తిరిగి చూస్తాడు. యాభై దాటి కొన్నేళ్ళయింది. పనిలో చేరింది మాత్రం మీసం సరిగ్గా రాని రోజుల్లో.

ఆయన పని చెప్పడానికి తేలిక. ఒక మనిషి తలుపు అవతల మాట్లాడుతూ ఇవతలికి వస్తాడు. అవతలి ముక్కని ఒక రోజు ఎండలో తీసి ఉంటారు, ఇవతలి ముక్కని ఇంకో రోజు ట్యూబులైటు కింద, ఇంకో కెమెరాతో. అవతల ముఖం పసుపు రాసుకున్నట్టు ఉంటుంది, ఇవతల బూడిద పూసుకున్నట్టు ఉంటుంది. రెండూ ఒకే మనిషి ముఖమని చూసేవాళ్ళు నమ్మాలి. అలా నమ్మించడమే రంగులాయన ఉద్యోగం. బాగా చేస్తే ఎవరికీ కనబడదు, చెడిపోతే అందరికీ కనబడుతుంది. ఇలాంటి పనులు చేసేవాళ్ళకి కొంచెం చిరాకు సహజం. ఈయనకి కొంచెం కంటే ఎక్కువే.

ఆ గదికి నియమాలున్నాయి. గోడలకి బూడిదరంగు, కిటికీకి నల్ల తెర. ఎర్ర చొక్కా వేసుకొచ్చినవాణ్ణి గుమ్మం దాటనివ్వడు. ఆ ఎరుపు స్క్రీను మీద పడి తన కంటిని మోసం చేస్తుందట. తను మాత్రం ఏడాది పొడుగునా తెల్ల చొక్కాలే వేస్తాడు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేరులో బొమ్మ పక్కనే గ్రాఫులుంటాయి. ఎరుపు ఎంతుంది, నీలం ఎంతుంది, మనిషి చర్మం ఉండాల్సిన చోటే ఉందా పక్కకి జరిగిందా, అన్నీ అవి చెబుతాయి. రంగులాయన వాటిని మూసేసి పనిచేస్తాడు. ఎవరైనా అడిగితే, "పాలు విరిగాయో లేదో ముక్కు చెప్పదూ? దానికీ మిషను కావాలా?" అంటాడు. ఆ గర్వం ఉత్తది కాదు. ఆయన కన్ను దాటి బయటికి వెళ్ళిన పని తిరిగొచ్చిన సందర్భం స్టూడియోలో ఎవరికీ గుర్తులేదు.

ఆయన ముందు చాలా ఏళ్ళు ఒక పాత మానిటర్ ఉండేది. అది ముసలిదైపోయిందనీ, అందులో తెలుపు పసుపెక్కుతోందనీ ఆయన బాధ. అందుకని కొన్నాళ్ళకోసారి మెనూలోకి వెళ్ళి నీలం ఒక మెట్టు పెంచేవాడు. పెంచగానే తెలుపు మళ్ళీ తెల్లబడేది. పక్క గదిలో శబ్దాల పని చూసే ఆవిణ్ణి అందరూ సౌండమ్మ అంటారు. ఆవిడ ఒకసారి తొంగి చూసి, "ఏంటన్నయ్యా, బొమ్మ కాస్త నీలంగా లేదూ?" అంది. "నువ్వు చెవులతో బతికేదానివి. కళ్ళ సంగతి నాకొదిలెయ్," అన్నాడు. పని మటుకు చక్కగానే బయటికి వెళ్ళేది కాబట్టి ఆవిడ కూడా వదిలేసింది.

స్టూడియో ఓనరు వయసులో చిన్నవాడు, పాత ఓనరు కొడుకు. తండ్రి స్నేహితుడు కాబట్టి రంగులాయనని బాబాయ్ అంటాడు. ఒకరోజు అతను కొత్త మానిటర్ తెప్పించి బల్ల మీద పెట్టించాడు.

"బాబాయ్, దీనికి రంగులు ఫ్యాక్టరీలోనే సరిచేసి పంపారు. మెనూ జోలికి మాత్రం వెళ్ళకండి," అన్నాడు.

రంగులాయన ఒక్క చూపు చూసి, "పసుపుగా ఉంది," అన్నాడు.

"కొత్తది కదా, అలవాటవుతుందిలెండి."

పాత మానిటర్ అటకెక్కింది. ఇక్కణ్ణుంచీ కష్టాలు మొదలయ్యాయి.

మొదట తిరిగొచ్చింది ఒక ఆసుపత్రి తన గురించి తీయించుకున్న చిన్న సినిమా. "మా డాక్టర్లంతా ఫ్రిజ్‌లోంచి తీసినట్టున్నారు. వీళ్ళని చూసి పేషెంట్లు జాలిపడేలా ఉన్నారు," అని వాళ్ళు ఫోను చేశారు. ఓనరు నవ్వేసి సర్దిచెప్పాడు. రెండోది నవ్వే విషయం కాదు. అది బట్టల మిల్లు సినిమా. ఆ మిల్లు ఏటా తన కొత్త రంగుల బట్టలన్నీ వీడియో తీయించి దుకాణాలకి పంపుతుంది. మీగడ రంగు బట్ట స్క్రీను మీద లేత ఆకాశం రంగులో వచ్చిందని మిల్లు నుంచి మొత్తం వెనక్కి పంపారు.

"బాబాయ్, ఈ ఒక్క మిల్లు పని మీదే స్టూడియో సగం నడుస్తోంది," అన్నాడు ఓనరు, గది గుమ్మంలోనే నిలబడి. "ఇంకోసారి తిరిగొస్తే రంగుల పని బయటివాళ్ళకి ఇచ్చేయాల్సి వస్తుంది. నాకు వేరే దారి లేదు. తర్వాత ఈ గదిలో మీరు కూర్చుని ఏం చేస్తారు?"

మాట మెత్తగానే అన్నాడు. రంగులాయనకి మాత్రం కుర్చీ కింద నేల కదిలినట్టయింది. ఆయనకి వచ్చిన పని ఇదొక్కటే. ఇంకో పని నేర్చుకునే వయసూ కాదు, ఓపికా లేదు.

తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి నడుం బిగించాడు. ముందు సాఫ్ట్‌వేరుని తిట్టాడు. అంతకుముందే కొత్త అప్‌డేట్ వచ్చింది. దాన్ని తీసేసి పాతదాన్ని పెట్టి చూపిస్తే, ఓనరు మళ్ళీ అదే నీలమన్నాడు. కేబులు మార్చాడు, మార్పేమీ లేదు. పని పూర్తయ్యాక వీడియోని ఫైలుగా బయటికి తీసేటప్పుడు రంగుల లెక్క ఒకటి ఎంచుకోవాలి. అది తప్పితే బొమ్మ వెలిసిపోవడమో ముదరడమో జరుగుతుంది. అందులో ఉన్నవన్నీ ఒక్కొక్కటే మార్చి చూశాడు. ఫోనులో చూశాడు, టీవీలో చూశాడు, సౌండమ్మ కంప్యూటర్లో చూశాడు. కెమెరాతో తీసినవాణ్ణి పిలిపించి నిలదీశాడు. వాడు ప్రమాణాలు చేశాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చివరికి కరెంటు మీద కూడా అనుమానం వ్యక్తం చేశాడు. మూసేసిన గ్రాఫులు తెరవడానికి మాత్రం గర్వం ఒప్పుకోలేదు.

అన్నీ అయ్యాక ఒక చిన్న పరీక్ష మిగిలింది. కెమెరాలోంచి వచ్చిన ముక్కని తను ఏమీ ముట్టుకోకుండా, అలాగే సాఫ్ట్‌వేరులో వేసి, అలాగే బయటికి తీశాడు. దాన్నీ, తను రంగులు దిద్దిన ముక్కనీ పట్టుకెళ్ళి సౌండమ్మకి చూపించాడు.

"ఇది బాగుంది. ఇది నీలంగా ఉంది," అంది ఆవిడ, హెడ్‌ఫోను తీయకుండానే.

బాగుందన్నది ఆయన ముట్టుకోనిది.

యంత్రాలు వేటిలోనూ దోషం లేదు. తన చెయ్యి పడినచోటే రంగు మారుతోంది. తేలు కుట్టిన దొంగలా రంగులాయన మళ్ళీ తన గదికి వచ్చి కూర్చున్నాడు. కాసేపటికి లేచి, అటక మీద నుంచి పాత మానిటర్ దింపి, దుమ్ము తుడిచి, కొత్తదాని పక్కన పెట్టాడు. రెండింటిలోనూ ఒకే ఖాళీ తెల్ల బొమ్మ పెట్టాడు. ఆయన కంటికి పాతది పాలలా తెల్లగా ఉంది, కొత్తది పాత కాగితంలా ఉంది. సౌండమ్మని పిలిచాడు.

"అమ్మాయ్, ఈ రెంట్లో తెలుపు ఏది?"

"అదేం ప్రశ్న అన్నయ్యా? కొత్తది."

"మరి పాతది?"

"నీలం. అప్పుడే చెప్పానుగా. చెవులతో బతికేదాన్నని నోరు మూయించారు."

ఆవిడ వెళ్ళిపోయాక ఆయన చాలాసేపు రెండు స్క్రీన్ల మధ్య కూర్చున్నాడు. పసుపెక్కింది మానిటర్ కాదు. ఇన్నేళ్ళూ తన కన్ను పసుపెక్కుతూ వస్తే, ఆ లోటు తీర్చడానికి పాత మానిటర్‌కి నీలం ఎక్కిస్తూ వచ్చాడు. అందులో రెండు తప్పులు ఒకదాన్నొకటి సరిచేసుకున్నాయి, పని బాగా వెళ్ళింది. కొత్త మానిటర్ నిజం చెప్పేసరికి ఆయన తప్పు ఒక్కటీ ఒంటరిగా బయటపడింది. రంగులాయనకి భయం వేసింది. ఆయనకి ఎప్పుడూ చిరాకు వేస్తుంది గానీ భయం వేయడం అరుదు.

ఇంటికి వెళ్ళి చొక్కా విప్పుతూ భార్యని అడిగాడు. "ఏమే, ఈ చొక్కా ఏ రంగు?"

"కొన్నప్పుడు తెలుపు. ఇప్పుడు ఆకాశం."

"అదేంటి?"

"అదేంటంటారా? చొక్కాలు పసుపెక్కాయి, పసుపెక్కాయి అని నా ప్రాణం తోడేస్తే, నీలిమందు చెంచాలకి చెంచాలు వేసి ఉతుకుతున్నాను. వీధిలో మిమ్మల్ని యూనిఫారం ఆయన అంటున్నారు. పసుపేం లేదండీ అని ఎన్నిసార్లు మొత్తుకున్నాను? నీకు రంగుల గురించి ఏం తెలుసన్నారు." ఆమె చొక్కా అందుకుని బకెట్‌లో పడేసింది. "పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందట. ఒకసారి కళ్ళు చూపించుకోండి."

సలహా మంచిదే. కానీ రంగులాయన మంచి సలహాని ముందు పక్కన పెట్టి, తెలివైన పని ఇంకేదైనా ఉందేమో చూసే రకం. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడని తెలిస్తే కుర్చీ పోతుందని ఆయన లెక్క. కళ్ళు పోయిన రంగులాయన, గొంతు పోయిన గాయకుడు, ఎవరికి కావాలి? అందుకని మర్నాడు ఓనరు రాకముందే వచ్చి, ముట్టుకోవద్దన్న మెనూలోకి వెళ్ళి, కొత్త మానిటర్ తన కంటికి తెల్లబడేదాకా నీలం పెంచాడు. మిల్లు సినిమా మొదటినుంచీ మళ్ళీ దిద్దాడు. అది వెళ్ళింది, నచ్చింది. ఓనరు టీ తెప్పించి, "ఇదీ మా బాబాయ్ అంటే," అన్నాడు. అందరూ నవ్వారు. రంగులాయన కూడా నవ్వాడు గానీ టీ సగం వదిలేశాడు.

దొంగపని ఎంతకాలం దాగుతుంది? మిల్లువాళ్ళకి పని ఎంత నచ్చిందంటే, తర్వాతి సినిమాకి వాళ్ళ రంగుల అధికారిణి స్వయంగా వచ్చి పక్కన కూర్చుంటానంది. మిల్లులో బట్ట రంగు సరిగ్గా కుదిరిందో లేదో చివరి మాట ఆవిడదే. సంచీ నిండా బట్ట ముక్కలు తెచ్చింది. లైటు వేయించింది, కుర్చీ దగ్గరికి లాక్కుంది, మీగడ రంగు ముక్కని స్క్రీను పక్కన పట్టుకుంది. ఓనరు వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇదేంటండీ?" అంది ఆవిడ. "స్క్రీనంతా నీలంగా ఉంది కదా."

ఓనరు వంగి చూశాడు. "బాబాయ్, మెనూ ముట్టుకున్నారా?"

అబద్ధం ఒకటి ఆయన నాలుక మీదికి వచ్చింది. మానిటర్ పాడైందనొచ్చు, కరెంటు హెచ్చుతగ్గులనొచ్చు. కానీ ఆ బట్ట ముక్క ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. తన కంటికి అది పసుపుగా కనబడుతోంది. దాని అసలు రంగేమిటో, మీగడ ఎంతో పసుపు ఎంతో, ఆ క్షణంలో ఆయనకి నిజంగా తెలియలేదు. పని తెలిసినవాడికి అంతకంటే అవమానం ఇంకోటి ఉండదు.

"ముట్టుకున్నాను," అన్నాడు. "స్క్రీను తప్పేం లేదు. నా కళ్ళే సరిగా లేవు. నాకు కనబడినట్టు దాన్ని తిప్పుకున్నాను."

ఓనరు ముఖం ఎర్రబడింది. ముందు మాట్లాడింది మిల్లావిడ.

"మీకు కంటి పరీక్షలు చేయించరా? మా దగ్గర రంగు చూసేవాళ్ళకి ఏటా చేయిస్తాం. నాకూ చేస్తారు."

ఆ స్టూడియోలో మానిటర్‌కి పరీక్ష ఉంది, కెమెరాకి పరీక్ష ఉంది, వాటిని చూసే కంటికి ఉండాలని ఇన్నేళ్ళలో ఎవరికీ తోచలేదు.

"కళ్ళు బాగు చేయించుకుని రండి. పోయినసారి పని నాకు నచ్చింది," అంది ఆవిడ బట్ట ముక్కలు సంచీలో పెట్టుకుంటూ. "కొన్ని వారాలు ఆగగలను. నెలలు ఆగలేను."

ఆవిడని కిందిదాకా దింపి వచ్చాక ఓనరు అన్నాడు: "తప్పు చేసినందుకు కాదు బాబాయ్, నా దగ్గర దాచినందుకు కోపంగా ఉంది. ఆవిడ మళ్ళీ వచ్చిన రోజు మీరు పక్కన కూర్చోండి. ఆవిడ చూపించిన రంగు మీరు చెప్పగలిగితే ఈ గది మీది. చెప్పలేకపోతే మాత్రం నేనేం చెయ్యలేను."

డాక్టరు చూసి రెండు కళ్ళలోనూ శుక్లాలన్నాడు. కంట్లోని లెన్సు ఏళ్ళ తరబడి మెల్లగా పసుపెక్కి మసకబారుతుందనీ, అంత మెల్లగా కాబట్టి మనిషికి తెలియదనీ చెప్పాడు. ముందు కుడి కంటికి, అది కుదురుకున్నాక ఎడమ కంటికి ఆపరేషన్. పాత లెన్సు తీసి కొత్తది పెడతారు. "నా కన్ను మునుపటిలా రంగు పట్టుకుంటుందా?" అని రంగులాయన అడిగాడు. "పట్టుకుంటుందిలెండి," అన్నాడు డాక్టరు, రోజూ పదిమందికి చెప్పే మాట చెప్పినట్టు. ఆయనకి అది చాలలేదు.

కుడి కన్ను అయింది. కట్టు విప్పినప్పుడు గోడలు మరీ తెల్లగా ఉన్నాయని ఫిర్యాదు చేశాడు. నర్సు నవ్వింది. ఇంట్లో చుక్కల మందు, నల్ల కళ్ళజోడు, తల వంచకూడదు, నీళ్ళు తగలకూడదు. మిల్లావిడ ఫలానా రోజు వస్తోందని ఓనరు కబురు పెట్టాడు. ఎడమ కన్ను ఇంకా పాతదే. గుడ్డి కన్నా మెల్ల మేలనుకుని, కొత్త కన్ను ఒక్కదానితోనే పరీక్షకి కూర్చోవాలని నిశ్చయించుకున్నాడు.

ఆ రోజు పొద్దున తయారై, చెప్పులేసుకునే ముందు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. ఒక కన్ను మూసి, ఇంకోటి తెరిచి, కనబడిన ప్రతి వస్తువునీ రెండుసార్లు చూస్తున్నాడు. ఎడమ కంటికి ఇల్లంతా సాయంత్రం, కుడి కంటికి ఇల్లంతా మిట్టమధ్యాహ్నం. దిండు గలీబు, నీళ్ళ గ్లాసు, గోడ. అన్నీ పట్టుకుంటున్నాడు. కుడి కన్ను ఎక్కడా తడబడటం లేదు. చాలా రోజుల తర్వాత ఆయనకి ధైర్యం వచ్చింది. సంతోషం కూడా వేసింది.

భార్య చుక్కల మందు సీసా పట్టుకొచ్చింది. "చిన్నపిల్లాడిలా ఆ కన్ను కొట్టడం ఏంటండీ? ఎవరైనా చూస్తే బాగుండదు. తల పైకెత్తండి."

తల పైకెత్తాడు. కుడి కన్ను మూసి ఆమెని చూశాడు. రోజూ చూసే మనిషే. సాయంత్రపు ఎండలో నిలబడ్డట్టు, ముఖం నిండుగా, వెచ్చగా ఉంది. ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూశాడు.

ముఖం తెల్లకాగితంలా ఉంది. పెదవుల్లో ఎరుపు లేదు.

ముందు ఆయన లైటుని అనుమానించాడు. ట్యూబులైటు ఆర్పాడు. నీలం కర్టెన్ రంగు ముఖం మీద పడుతోందేమోనని దాన్ని పక్కకి లాగాడు. ఆమె భుజాలు పట్టుకుని గోడ దగ్గర నుంచి జరిపి, కిటికీ ఎదురుగా నిలబెట్టాడు. "అబ్బ, ఏంటండీ ఇది, నేనేమన్నా మీ మానిటర్‌నా?" అని ఆమె నవ్వుతోంది. ఆయన నవ్వలేదు. ఆమె అరచెయ్యి తీసుకుని తన అరచెయ్యి పక్కన పెట్టి చూశాడు. తనది ఎర్రగా ఉంది. ఆమె కింది కనురెప్పని బొటనవేలితో మెల్లగా లాగి చూశాడు. అక్కడా రక్తం రంగు లేదు. లైటు తప్పు కాదు, గోడ తప్పు కాదు, ఈసారి కంటి తప్పు కూడా కాదు.

"ఒంట్లో ఎలా ఉంటోంది నీకు?"

ఆమె నవ్వు ఆపింది. "మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. కళ్ళు తిరుగుతున్నాయి. వయసు కదా."

"ఎన్నాళ్ళనించి?"

"ఏడాది పైనే అయ్యుంటుంది."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్పడానికేముంది? రోజూ మీ ఎదురుగానే తిరుగుతున్నానుగా," అంది ఆమె. "చొక్కాల సంగతి ఎలా ఉన్నా, మనిషి ముఖంలో రంగు మారితే మీకు తెలియకుండా పోతుందా? మీరేం అనలేదు కాబట్టి, ఏం లేదులే అనుకున్నాను."

రంగులాయన ఓనరుకి ఫోను చేసి, ఈ రోజు రాలేననీ, మిల్లావిడకి ఏం చెబుతావో చెప్పుకోమనీ అన్నాడు. అవతల ఓనరు ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. ఆయన ఫోను పెట్టేసి, తల వంచకూడదన్న మాట మరిచిపోయి, గుమ్మం దగ్గర వంగి ఆమె చెప్పులు తీసి ముందు పెట్టాడు.